ఫైబర్‌ది ఒక లెక్క, వైఫైది ఇంకో లెక్క: బ్యాండ్‌విడ్త్ పంపకం ఎక్కడ తేడా కొడుతోంది?

రాత్రి తొమ్మిది దాటాక నెట్ నెమ్మదిస్తే ముందు తిట్లు తినేది కేబుల్ ఆపరేటరే. వంద ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మి పది ఇస్తున్నాడని, పక్కింటికి ఎక్కువ వదులుతున్నాడని గొడవ. అతను వచ్చి బాక్స్‌కి లాప్‌టాప్ తగిలించి స్పీడ్ టెస్ట్ చేస్తే 95 చూపిస్తుంది, ఇంటాయన ఫోన్లో చేస్తే 12. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నెట్ ఫోన్ దాకా రావాలంటే రెండు పంపకాలు దాటి రావాలి, ఒకటి గాజు తీగలో జరిగేది, రెండోది గాలిలో జరిగేది. ఈ రెండు చోట్లా నియమాలు వేరు, కొలిచే కొలత వేరు, పైగా ఒకచోట ఏం జరుగుతోందో రెండోచోట తెలియదు. ఎవరి మటుకు వాళ్లు సమానంగానే పంచుతారు. కానీ రెండూ కలిశాక చేతికొచ్చేది సమానంగా ఉండదు. ఫైబర్, వైర్‌లెస్ కలిసిన నెట్‌వర్కుల్లో అసలు చిక్కు ఇదే, స్పీడు పెంచితే పోయేది కాదు.

ముందు గాజు తీగ సంగతి చూద్దాం. ఇళ్లకొచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిలో నడుస్తుంది, చిన్న ఆపరేటర్లు కొందరు దాని వరసదే అయిన ఈపాన్ వాడతారు. ఆపరేటర్ ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒకే ఒక్క ఫైబర్ బయల్దేరి, దారిలో స్తంభం మీదో గోడ మీదో ఉన్న స్ప్లిటర్ దగ్గర 32 గానో 64 గానో చీలి ఇళ్లకు పోతుంది. స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు, తెలివీ లేదు, వచ్చిన వెలుతురుని ముక్కలు చేసి పంపడం తప్ప దానికింకేం రాదు. ఇంట్లో ఉండే బాక్స్ పేరు ఓఎన్‌యూ. జీపాన్‌లో కిందికి వచ్చే దారి 2.488 జీబీపీఎస్, పైకి పోయే దారి 1.244 జీబీపీఎస్, రెండూ ఒకే పోగులో రెండు తరంగదైర్ఘ్యాల మీద పోతాయి: కిందికి 1490 నానోమీటర్లు, పైకి 1310. కిందికి వచ్చేది ఆ పోర్టు మీదున్న అన్ని ఇళ్లకూ చేరుతుంది, ఎవరిది వాళ్లు ఏరుకుంటారు. పైకి పంపేటప్పుడే తకరారు. రెండు ఇళ్ల లేజర్లు ఒకేసారి వెలిగితే స్ప్లిటర్ దగ్గర రెండూ కలిసిపోయి ఎవరిదీ అర్థం కాదు. అందుకని ఓఎల్‌టీ 125 మైక్రోసెకన్ల ఫ్రేములుగా కాలాన్ని కోసి, ఫలానా బాక్స్ ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా మాట్లాడాలి అని ముందే రాసి పంపుతుంది.

ఇక్కడ ఒక ముచ్చటైన పని జరుగుతుంది. ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి వెళ్లి రావడానికి 200 మైక్రోసెకన్లు, అంటే ఒక ఫ్రేము కంటే ఎక్కువే. ఆఫీసు పక్కనే ఉన్న ఇంటికి ఇది దాదాపు సున్నా. ఓఎల్‌టీ ప్రతి బాక్స్ దూరాన్నీ కొలిచి, దగ్గరున్నవాళ్లకి కావాలని ఆలస్యం కలుపుతుంది, అందరూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపించేదాకా. దీన్ని రేంజింగ్ అంటారు. అంటే ఫైబర్‌లో దూరం అనేది పంపకంలోకి రాదు. ఊరి చివరి ఇల్లైనా, ఆఫీసు గోడకి ఆనుకున్న ఇల్లైనా ఒకే వరుసలో నిలబడతాయి. వైర్‌లెస్‌లో ఇది జరగదు, అక్కడ దూరమే తలరాత.

ఎవరికి ఎంత సమయం ఇవ్వాలనేది తేల్చే లెక్కని డీబీఏ అంటారు, అంటే బ్యాండ్‌విడ్త్‌ని ఎప్పటికప్పుడు చూసి పంచడం. బాక్స్ తన క్యూలో ఎంత డేటా పేరుకుందో చెబుతుంది, ఓఎల్‌టీ దాన్ని చూసి సమయం ఇస్తుంది. ఈపాన్‌లో ఈ మాటామంతీకి రిపోర్ట్, గేట్ అని రెండు సందేశాలున్నాయి. 2002లో గ్లెన్ క్రామర్, బిశ్వనాథ్ ముఖర్జీ, గెర్రీ పెసవెంటో రాసిన ఐప్యాక్ట్ అనే పద్ధతి దీనికి పునాది లాంటిది, ఇప్పటికీ పరిశోధకులు దాంతోనే పోల్చుకుంటారు. అందులో రెండు రకాలు చూస్తే విషయం బోధపడుతుంది. గేటెడ్ పద్ధతిలో ఎంత అడిగితే అంత ఇచ్చేస్తారు, ఇక ఒక ఇంట్లో ఎవరో పెద్ద వీడియోలు అప్‌లోడ్ పెట్టారంటే మిగతావాళ్ల వంతు వెనక్కి పోతూనే ఉంటుంది. లిమిటెడ్ పద్ధతిలో ఒక్కో వంతుకీ గరిష్ఠం ఉంటుంది, అంతకు మించి అడిగినా రాదు. జీపాన్ ఇంకాస్త పద్ధతిగా అయిదు రకాల వాటాలు పెట్టింది: వాడినా వాడకపోయినా ఇచ్చే స్థిరమైన వాటా ఒక కొస, మిగిలితే ఇచ్చే వాటా ఇంకో కొస, మధ్యలో హామీ ఉన్నవి, కలగలుపువి.

బాగానే ఉంది. కానీ ఓఎల్‌టీకి తెలిసింది బాక్సులు మాత్రమే, బాక్స్ వెనక ఎంతమంది ఉన్నారో దానికి తెలియదు. ఒక పోర్టు మీద 32 బాక్సులున్నాయని అనుకుందాం. 31 మామూలు ఇళ్లు, ఒకటి హాస్టల్, దానికి వైఫై మీద 60 మంది. లెక్క సులువు కావడానికి ఒక్కో ఇంటిని ఒక్కరి కింద వేద్దాం, పైకి పోయే దారిలో చేతికొచ్చేది 1200 ఎంబీపీఎస్ అనుకుందాం, అందరూ ఒకేసారి గట్టిగా వాడుతున్నారనుకుందాం. బాక్సుల ప్రకారం సమానంగా పంచితే ఒక్కోదానికి 37.5 ఎంబీపీఎస్. ఇళ్లవాళ్లు హాయిగా ఉంటారు. హాస్టల్లో ఆ 37.5ని 60 మంది పంచుకుంటే తలకి 0.6 వస్తుంది. సరే, మనుషుల ప్రకారం పంచుదాం అంటే మొత్తం 91 మంది, తలకి 13.2 ఎంబీపీఎస్, హాస్టల్ బాక్స్‌కి 791. న్యాయంగానే కనిపిస్తుంది, ఒక్క చిక్కు తప్ప. ఆ హాస్టల్ వైఫై 200 దాటి మోయలేదనుకోండి, మిగతా 591 గాల్లో కలిసిపోయినట్టే. ఇళ్లవాళ్ల నోటి దగ్గరిది లాక్కుని ఎవరికీ ఇవ్వకపోవడం అన్నమాట. ఓఎల్‌టీకి వైఫై సంగతి తెలిసి ఉంటే హాస్టల్‌కి 200 ఇచ్చి మిగిలిన వెయ్యిని 31 ఇళ్లకి పంచేది: హాస్టల్లో తలకి 3.3, ఇంటికి 32.3. ఇళ్లు పోగొట్టుకుంది అయిదు ఎంబీపీఎస్, హాస్టల్ పిల్లలకి దక్కింది అయిదింతలు. ఎవరూ కొత్త ఫైబర్ వేయలేదు, కొత్త ప్లాన్ కొనలేదు, లెక్క మాత్రమే మారింది.

దీన్ని పుస్తకాల్లో మ్యాక్స్-మిన్ న్యాయం అంటారు. అందరికన్నా తక్కువ వచ్చేవాడి వాటాని ఎంత పెంచగలమో అంత పెంచాలి, వాడిక తీసుకోలేని స్థితికి వచ్చాక మిగిలినవాళ్ల సంగతి చూడాలి. చెప్పడానికి తేలికే, అమలు చేయాలంటే మాత్రం ఎవరు ఎంత తీసుకోగలరో పంచేవాడికి తెలిసి ఉండాలి. ఫైబర్ చివర వైర్‌లెస్ ఉన్నప్పుడు ఆ తీసుకోగలగడం అనేది నిమిషానికో రకంగా ఉంటుంది.

ఇప్పుడు గాలి సంగతి. వైఫైలో పెద్దమనిషి ఎవరూ లేరు. ప్రతి ఫోనూ చెవి ఒగ్గి విని, ఎవరూ మాట్లాడడం లేదనిపిస్తే కాసేపు ఆగి తను మాట్లాడుతుంది. సగటున అందరికీ ఒకే సంఖ్యలో వంతులు వస్తాయి. ఇక్కడే బోల్తా కొట్టేది. రౌటర్ పక్కనున్న ఫోన్ ఒక ప్యాకెట్‌ని, అంటే ఒక డేటా ముక్కని, రెప్పపాటులో పంపేస్తుంది, రెండు గోడల అవతల మంచం మీదున్న పాత ఫోన్ అదే ప్యాకెట్‌ని ఈడ్చుకుంటూ పంపుతుంది. వంతులు సమానం, పట్టే సమయం సమానం కాదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో దీన్ని పాత 802.11బీ వైఫై మీద చూపించారు. 1 ఎంబీపీఎస్ దగ్గర ఉన్న ఒక్క పరికరం వల్ల 11 ఎంబీపీఎస్ దగ్గర ఉన్నవాళ్లందరి వేగం కూడా 1 కిందికి పడిపోయింది.

అంకెలతో చూద్దాం. ఒక ఫోన్ 54 ఎంబీపీఎస్ దగ్గర, ఇంకోటి 6 దగ్గర ఉన్నాయి. ఇద్దరికీ ప్యాకెట్లు సమానంగా ఇస్తే చెరో 5.4 ఎంబీపీఎస్ వస్తుంది, మొత్తం 10.8. ఇందులో పాత ఫోన్ గాలి సమయంలో 90 శాతం తినేస్తుంది, మంచి ఫోన్‌కి 10 శాతం. అదే సమయాన్ని సగం సగం చేస్తే మంచి ఫోన్‌కి 27, పాత ఫోన్‌కి 3, మొత్తం 30. పాత ఫోన్ 5.4 నుంచి 3కి తగ్గింది, మంచి ఫోన్ 5.4 నుంచి 27కి పెరిగింది. ఏది న్యాయం?

న్యాయాన్ని కొలవడానికి ఒక సూచిక ఉంది. 1984లో రాజ్ జైన్, డా-మింగ్ చియు, విలియం హావే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో ఉండగా రాసింది, జైన్ సూచిక అంటారు. అందరి వాటాలూ కూడి వర్గం చేసి, దాన్ని మనుషుల సంఖ్యతోనూ, వాటాల వర్గాల మొత్తంతోనూ భాగించాలి. అందరికీ సమానమైతే 1 వస్తుంది, ఎంత తగ్గితే అంత అన్యాయం. పై ఉదాహరణకి పెట్టి చూడండి. చెరో 5.4 ఇచ్చిన పద్ధతికి వేగం ప్రకారం సూచిక 1, నూటికి నూరు న్యాయం. 27, 3 ఇచ్చిన పద్ధతికి 0.61. ఇప్పుడు వేగం బదులు గాలి సమయాన్ని కొలవండి. సమయం సగం సగం ఇచ్చిన పద్ధతికి 1, చెరో 5.4 ఇచ్చిన పద్ధతికి 0.61. అదే అంకె, తిరగబడింది. పరిశోధనా పత్రాల్లో మా పద్ధతికి జైన్ సూచిక 0.98 వచ్చింది అని గొప్పగా రాసేవాళ్లని ముందు అడగాల్సిన ప్రశ్న: దేన్ని కొలిచారు? ఫైబర్ వైపు బైట్లు కొలిచి వైర్‌లెస్ వైపు సమయం కొలిచి రెండు మంచి అంకెలు పక్కపక్కన పెడితే దానికి అర్థమేమీ ఉండదు.

ఈ తగువు తీర్చడానికి గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ కెల్లీ 1997లో ప్రతిపాదించిన అనుపాత న్యాయం చాలామందికి నచ్చింది. క్లుప్తంగా దాని ధోరణి ఇది: ఒకరి వాటా కాస్త తగ్గిస్తే ఇంకొకరి వాటా శాతాల్లో చూసినప్పుడు అంతకంటే ఎక్కువ పెరుగుతుందంటే ఆ మార్పు చేయొచ్చు. పై ఉదాహరణలో పాత ఫోన్ నష్టం 44 శాతం, మంచి ఫోన్ లాభం 400 శాతం, కాబట్టి సమయాన్ని సగం సగం చేయడమే సరి. లినక్స్ వైఫైలో టోకే హోయ్‌లాండ్-యోర్గెన్‌సెన్ బృందం 2017లో తెచ్చిన ఎయిర్‌టైమ్ పంపకం ఇదే పని చేస్తుంది. మొబైల్ టవర్లయితే ఇంకా ముందు నుంచీ ఈ దారిలోనే ఉన్నాయి: ప్రతి క్షణం ఒక్కో ఫోన్‌కి ఇప్పుడు అందగల వేగాన్ని, ఇప్పటిదాకా అందిన సగటుతో భాగించి, ఎవరిది ఎక్కువ వస్తే వాళ్లకి వంతు ఇస్తారు. సిగ్నల్ బాగున్న క్షణం కోసం కాచుకోవడం, ఎవరినీ మరీ ఎండబెట్టకపోవడం, రెండూ ఒకే భాగహారంలో కుదిరాయి. నిజంగా తెలివైన పని. అయితే ఇది దూరంగా ఉన్నవాడిని దూరంగానే ఉంచుతుందని మర్చిపోకూడదు. టవర్ పరిధి అంచున ఉన్న ఇంటికి సమయం సమానంగా దక్కుతుంది, బైట్లు తక్కువే. ఫైబర్‌లో రేంజింగ్‌తో చెరిపేసిన దూరం ఇక్కడ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మూడో పంపకం ఇంకోటుంది, దాని సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు: టీసీపీ, అంటే రెండు పరికరాలు డేటా పంపుకోవడానికి తెరిచే ఒక్కో కనెక్షన్ వేగాన్నీ సర్దే నియమం. ఇది మనిషినీ చూడదు, బాక్స్‌నీ చూడదు, కనెక్షన్లని చూస్తుంది. ఒకే దారి మీద ఒకరు ఒక కనెక్షన్‌తో ఫైలు దించుకుంటూ, ఇంకొకరు టోరెంట్‌లో నలభై కనెక్షన్లు తెరిస్తే దారి ఒకటికి నలభై చొప్పున పోతుంది. అన్ని కనెక్షన్లకీ సమానం అంటే న్యాయం అనుకోవడం ఒట్టి మూఢనమ్మకం అని నెట్‌వర్క్ పరిశోధకుడు బాబ్ బ్రిస్కో 2007లో దుమ్ము దులిపాడు. దానికితోడు, పాత టీసీపీ లెక్కలో వెళ్లి వచ్చే సమయం ఎంత పెరిగితే వాటా అంత తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఉన్న సర్వర్ నుంచి వచ్చే వీడియోకి 10 మిల్లీసెకన్లు, అమెరికా సర్వర్‌లో ఉన్న ఫైలుకి 250 అయితే వీడియోకి 25 రెట్లు. కొత్తగా వచ్చిన టీసీపీ రకాల్లో ఈ తేడా తగ్గింది కానీ పోలేదు.

ఈ టీసీపీకీ ఫైబర్ బాక్స్‌కీ మధ్య ఒక గూడుపుఠాణి నడుస్తుంది. బాక్స్‌లో బఫర్, అంటే డేటా తన వంతు కోసం ఆగే చోటు, పెద్దదైతే టీసీపీ దాన్ని నింపేస్తుంది, అది దాని స్వభావం. 2 మెగాబైట్ల బఫర్ నిండి, పైకి పోయే వేగం 20 ఎంబీపీఎస్ అయితే ఆ క్యూ ఖాళీ కావడానికి 0.8 సెకన్లు పడుతుంది. ఫోన్ ఫొటోలు బ్యాకప్ అవుతుండగా వాట్సాప్ వీడియో కాల్‌లో మాట ఆగి ఆగి రావడానికి చాలాసార్లు కారణం ఇదే. దీంతో అయిపోలేదు: బాక్స్ క్యూ ఎంతుందో ఓఎల్‌టీకి చెబుతుందని అనుకున్నాం కదా, ఉబ్బిన క్యూ ఉన్న బాక్స్ ఎక్కువ అడుగుతుంది. గరిష్ఠం సరిగా పెట్టని చోట ఎక్కువ అడిగినవాడికే ఎక్కువ. క్యూని పొదుపుగా నడుపుకునే మంచి రౌటర్ తక్కువ అడిగి తక్కువ తెచ్చుకుంటుంది, బుద్ధిమంతుడికి శిక్ష పడినట్టు. క్యూ ఉబ్బకుండా చూసే పద్ధతిగా కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో తెచ్చిన కోడెల్, తర్వాత దాన్ని కనెక్షన్లవారీ క్యూలతో కలిపిన ఎఫ్‌క్యూ-కోడెల్ ఇంటి రౌటర్‌లో ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో దొరికే కేక్ అనే పద్ధతి అయితే కనెక్షన్లని కాకుండా ఇంట్లోని పరికరాలని లెక్కపెట్టి పంచగలదు. అయితే రౌటర్‌లో అది ఉందో లేదో కొనేటప్పుడు డబ్బా మీద రాయరు, అక్కడ రాసేది గరిష్ఠ వేగం ఒక్కటే.

ఒక రౌటర్ నుంచి ఇంకో రౌటర్‌కి గాలిలోనే అందించుకుంటూ పోయే మెష్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. గేట్‌వే, అంటే బయటి నెట్‌కి కలిసే చోటు, పక్కనున్న రౌటర్ తన సొంత వాడకాన్నీ, వెనక ఉన్నవాళ్ల డేటానీ ఒకే క్యూలో పెడుతుంది, సొంతది ముందు దూరుతుంది, వెనకవాళ్లది రెండుసార్లు మూడుసార్లు గాలి సమయం తినాలి. కాలువ మొదట్లో తూములన్నీ తెరుచుకుంటే చివరి ఆయకట్టుకి నీళ్లందనట్టే ఇక్కడా చివరి రౌటర్ కిందివాళ్లు ఎండిపోతారు. 2004లో గాంబిరోజా, సదేఘి, నైట్‌లీ దీని మీద చేసిన పరిశోధనలో ఒక మంచి మాట ఉంది: మెష్‌లో న్యాయం కావాలంటే గేట్‌వే దాకా ఎన్ని అంచెలున్నాయనేది వాటాని నిర్ణయించకూడదు. దానికి ఎగువ రౌటర్లు తమ వేగాన్ని తామే కట్టేసుకోవాలి.

మన దగ్గర ఈ ఫైబర్-వైర్‌లెస్ కలయిక కాగితాల మీది విషయం కాదు. 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్నది, దాదాపు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకి ఫైబర్ వేసి, పంచాయతీకి కనీసం 100 ఎంబీపీఎస్ ఇవ్వాలనే లక్ష్యంతో మొదలైంది. అక్కణ్నుంచి ఊళ్లోవాళ్లకి చేర్చే మార్గాల్లో వైఫై హాట్‌స్పాట్ ఒకటి. ఆ 100ని ఒకేసారి 50 ఫోన్లు వాడితే తలకి 2 ఎంబీపీఎస్, 2023 జనవరిలో మార్చిన నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి సరిగ్గా కావాల్సినంత. అదీ వైఫై ఏమీ పోగొట్టకపోతే, ఆ యాభైలో పాత ఫోన్లు అరుగు చివర నిలబడి ఉండకపోతే.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. కందకాలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది, 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఫైబర్‌నెట్ మొదలైంది. తెలంగాణ మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ కూడా వేసింది. ఆ 2017 డిసెంబరులోనే గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కి చెందిన ఎక్స్ విభాగం, ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ వేయడం కష్టమైన చోట్లకి గాలిలో కాంతి కిరణంతో 2,000 లింకులు పెడతామని ప్రకటించింది: 20 కిలోమీటర్ల దూరం, 20 జీబీపీఎస్ దాకా. తారా ప్రాజెక్టుగా పేరుపడింది అదే. 2021లో అదే సాంకేతికతతో కాంగో నది మీదుగా బ్రాజవిల్ నుంచి కిన్షాసాకి 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్లు పంపారు. పంపకం దృష్టితో చూస్తే ఇది వింత జంతువు. ఫైబర్ అంత లావు, వైర్‌లెస్ అంత నిలకడలేనిది. మంచు కమ్మితే కాంతి కిరణం చిక్కిపోతుంది. ఉదయం ఆరింటికి పది ఊళ్లకి సరిపోయిన లింకు ఏడింటికి రెండు ఊళ్లకి కూడా చాలకపోతే, ఆ పది ఊళ్ల వాటాల్ని ఎవరు, ఎంత త్వరగా తిరగరాయాలి? ముందే కట్టిన స్థిరమైన వాటాలతో ఇది కుదరదు. ఆసుపత్రికీ కాలక్షేపం వీడియోకీ ఒకే కోత పెట్టడం కూడా కుదరదు. సామర్థ్యం తగ్గినప్పుడు ఎవరిది ముందు కోయాలో బాగున్న రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి.

2023లో వచ్చిన ఎయిర్‌ఫైబర్‌లతో ఈ విషయం పట్టణాలకీ వచ్చింది. ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైలలో, సెప్టెంబరు 19న జియో హైదరాబాద్ సహా 8 నగరాల్లో మొదలుపెట్టాయి. టవర్ దాకా ఫైబర్, అక్కణ్నుంచి ఇంటికి 5జీ. టీవీ, ల్యాప్‌టాప్, నలుగురి ఫోన్లు అన్నీ ఒకే కనెక్షన్ మీద నడిచే ఇల్లు, రోడ్డు మీద నడుస్తున్నవాడి ఫోన్, రెండూ టవర్ దృష్టిలో ఒక్కో కనెక్షన్ కావచ్చు. ఇక్కడ కూడా ప్రశ్న ఒకటే, దేన్ని ఒక్కటిగా లెక్కపెట్టాలి? అయితే ఇల్లు కదలదు కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. సిగ్నల్ బాగాలేని ఇంటికి టవర్‌లో వంతులు పంచే షెడ్యూలర్ ఎక్కువ సమయం ధారపోసే బదులు, డాబా మీద టవర్ వైపు తిప్పి ఒక యాంటెన్నా బిగిస్తే, అదే సమయంలో ఎక్కువ బైట్లు వస్తాయి, పక్కవాళ్ల వాటా కూడా తగ్గదు. న్యాయానికీ సామర్థ్యానికీ పడదు అని తేల్చేసే వ్యాసాలు ఈ నిచ్చెన, నాలుగు బోల్టుల పరిష్కారాన్ని పట్టించుకోవు.

ఇక కాలం కొలత. ఫైబర్ 125 మైక్రోసెకన్ల ఫ్రేముల్లో పంచుతుంది, 5జీ సాధారణంగా అర మిల్లీసెకను స్లాట్లలో, టీసీపీ పదుల మిల్లీసెకన్లలో సర్దుకుంటుంది. ఎఫ్‌యూపీ, అంటే ప్లాన్‌లో ఉండే డేటా హద్దు, నెలకి. చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్లకి కనిపించే 3.3 టీబీ హద్దుని నెలంతా పరిస్తే సెకనుకి దాదాపు 10 మెగాబిట్లు. తెల్లవారుజామున మూడింటికి సినిమాలు దించుకునేవాడు ఆ హద్దు దాటి వేగం పోగొట్టుకుంటాడు, ఆ సమయంలో దారంతా ఖాళీ, అతని వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మాత్రమే వచ్చి దారి బిగించేవాడు నెల తిరిగేసరికి హద్దుకి చాలా దిగువనే ఉంటాడు. ఫెయిర్ యూసేజ్ అనే పేరు పెట్టుకున్న నియమం రద్దీని కొలవనే కొలవదు, బిల్లుకి వీలైనదాన్ని కొలుస్తుంది.

రెండు వైపులా మాట్లాడుకునేలా చేయొచ్చా అంటే, చేయొచ్చు, ఒక మూల చేశారు కూడా. మొబైల్ టవర్ల రేడియోలని జీపాన్, ఈపాన్ లాంటి పాన్ ఫైబర్ మీద కలపాలనుకున్నప్పుడు ఆలస్యం కొన్ని వందల మైక్రోసెకన్లు మించితే పని జరగదు, మామూలుగా అడిగి ఇప్పించుకునే డీబీఏ ఆ లోపు తేలదు. జపాన్‌లో ఎన్‌టీటీ పరిశోధకులు 2014లో ఒక కిటుకు చూపించారు: ఎల్‌టీఈలో, అంటే 4జీలో, ఏ ఫోన్ ఎప్పుడు పంపాలో టవర్ దగ్గరి బేస్ స్టేషన్ 4 మిల్లీసెకన్ల ముందే నిర్ణయిస్తుంది, ఆ సంగతి అప్పుడే ఓఎల్‌టీకి చెప్పేస్తే డేటా వచ్చేసరికి సమయం సిద్ధంగా ఉంటుంది. మొబైల్ నెట్‌వర్కులకి ప్రమాణాలు రాసే ఓ-ర్యాన్ కూటమి ఇప్పుడు దీనికోసం సీటీఐ అనే ప్రామాణిక ఇంటర్‌ఫేస్ రాసుకుంది. అయితే ఇదంతా ఆలస్యం తగ్గించడానికి చేసింది. అదే గొట్టంలో వైర్‌లెస్ వైపు ఎంతమంది ఉన్నారు, ఎంత మోయగలదు అనే రెండు అంకెలు కూడా పంపితే హాస్టల్ లెక్క ఇట్టే తేలుతుంది. అడ్డం పడేది సాంకేతికత కాదు. ఓఎల్‌టీ ఒకరిది, రౌటర్ ఇంకొకరు బజార్లో కొన్నది, టవర్ మూడోవాళ్లది.

హాస్టల్ యజమాని ఒక ఇంటి ప్లాన్ తీసుకుని 60 మందికి పంచి, వాళ్ల దగ్గర నెలనెలా వసూలు చేసుకుంటున్నాడనుకోండి, మనుషుల ప్రకారం పంచితే పక్క ఇళ్లవాళ్లు అతని వ్యాపారానికి చందా కట్టినట్టవుతుంది. కాబట్టి ప్రైవేటు కనెక్షన్లలో బిల్లు ఎవరి పేరునుంటే వాటా వాళ్లది, ఎక్కువ కావాలంటే ఎక్కువ కట్టి వాటా పెంచుకోవడం సబబే. ప్రజల సొమ్ముతో వేసిన పంచాయతీ ఫైబర్‌కి మాత్రం ఈ వాదన చెల్లదు. అక్కడ ఐదు వందల మంది ఉన్న ఊరికీ ఐదు వేల మంది ఉన్న ఊరికీ ఒకే 100 ఎంబీపీఎస్ అంటే, బాక్సుల మధ్య సమానత్వం పేరుతో మనుషుల మధ్య పదింతల తేడా పెట్టినట్టే.

జీపాన్ తర్వాతి తరం ఎక్స్‌జీఎస్-పాన్, 2016లో ప్రామాణికమైనది, రెండు వైపులా 10 జీబీపీఎస్ ఇస్తుంది. అది పెడితే ఈ గొడవలన్నీ తీరతాయనే మాట తరచూ వినిపిస్తుంది. మన లెక్కలో పెట్టి చూద్దాం. పోర్టు 10 జీబీపీఎస్ అయినా హాస్టల్ వైఫై 200 దగ్గరే ఉంటే పిల్లలకి వచ్చేది అదే 3.3, లాభమంతా ఇళ్లదే. ముందు వైఫై సంగతి చూసి, అంతస్తుకొకటి చొప్పున నాలుగు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై ఇచ్చే పెట్టెలు, కేబుల్‌తో పెట్టి 800 మోసేలా చేశారనుకుందాం, పోర్టు మాత్రం పాత జీపాన్. ఇప్పుడు మనుషుల ప్రకారం పంచితే 13.2 అనేది నిజమవుతుంది, కానీ ఇళ్లు 32 నుంచి 13కి పడతాయి. రెండూ చేస్తే, 10 జీబీపీఎస్‌లో ఎనిమిదే చేతికొచ్చినా, హాస్టల్‌కి 800 పోను ఇంటికి 230 మిగులుతుంది, ఎవరి వాటా ఎవరూ లాక్కోనక్కర్లేదు. అంటే హాస్టల్‌కి ముందు కావాల్సింది పెద్ద ప్లాన్ కాదు, ఆ నాలుగు యాక్సెస్ పాయింట్లు, వాటికి కేబుళ్లు. పోర్టు మార్చాల్సిన అవసరం ఆ తర్వాత వస్తుంది.